తాళం వెయ్యమ్మా

మూడో ఏడు మెకానికల్ చదివే ఆ అమ్మాయిని కాలేజీలో అందరూ తాళంకప్ప అని పిలుస్తారు. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, తనే కష్టపడి సంపాదించుకుంది.

ఆ ఏడు ప్రతివాళ్ళూ తమ శాఖది కాని కోర్సు ఒకటి తీసుకుని తీరాలన్నారు. నోటీసు బోర్డులో ఆరో వరుసలో "తాళం: సిద్ధాంతం, సాధన" అని కనిపించగానే ఆమె ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళుగా తాళాలు బాగుచేసే మనిషి. చెవులు కూడా కోస్తాడు. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు గానీ, కోసేది తాళంచెవులే. పాలపళ్ళు ఊడకముందే తాళం విప్పి మళ్ళీ బిగించిన పిల్లకి ఇక ఆ కోర్సులో మార్కులకేం కరువు? పక్కన సంగీత శాఖ అని రాసి ఉన్నా చదవకుండా సంతకం గిలికేసింది.

మొదటి రోజు సంచిలో ఒక ఇత్తడి తాళంకప్ప, దాని చెవి పెట్టుకుని వెళ్ళింది. నెరిసిన జుట్టు టీచరు అందరినీ ఒకసారి కలయజూసి, "సరే, తాళం వెయ్యండి" అంది. మిగతావాళ్ళు తొడ మీద చెయ్యి వేసేలోపు మన అమ్మాయి లేచి, తలుపు మూసి, గడియ పెట్టి, తాళం బిగించి, చెవి తెచ్చి టీచరు చేతిలో పెట్టింది. టీచరు చెవి వంక చూసింది, తలుపు వంక చూసింది, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

"కూర్చోమ్మా. ఇన్నేళ్ళుగా తాళం వెయ్యమంటున్నాను గానీ, ఇంత గట్టిగా వేసినవాళ్ళు లేరు."

సిగ్గుతో చితికిపోయినా కోర్సు మానలేదు. మొదట్లో, మారే గడువు దాటిపోయింది గనక. తర్వాత, మానబుద్ధి కాలేదు గనక. ఫ్యాను తిరిగినా, కుళాయి కారినా వేళ్ళు వాటంతటవే లెక్కపెట్టేవి. "తప్పు వినిపిస్తే కంగారు పడకు. ఎన్నో దెబ్బకి మళ్ళీ వస్తుందో లెక్కపెట్టు, దొంగ దొరుకుతాడు" అనేది టీచరు.

నాన్న మాత్రం కడుపుబ్బా నవ్వాడు. "తాళాలు బాగుచేసేవాడి కూతురివి, తాళమంటే ఏంటో తెలీలేదా? ఈ చప్పట్లు కొట్టే చదువు రేపు దేనికి పనికొస్తుందమ్మా?"

ఆ నవ్వు ఆ వేసవిలో ఆగిపోయింది. కోసిచ్చిన చెవులు ఒకటొకటే తిరిగి రాసాగాయి. పళ్ళ మధ్య ఎక్కడో ఒక చోట గోరంత ఎక్కువ తెగుతోంది. తాళం తెరుచుకోవడం లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె క్యారేజీ తీసుకుని కొట్టుకు వెళ్ళేసరికి, నాన్న ఒక అట్టముక్క మీద "ఇక్కడ చెవులు కోయబడవు" అని రాస్తున్నాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"చెయ్యి వణుకుతోందమ్మా. ఈ వారం తొమ్మిది తిరిగొచ్చాయి."

"కోత మిషన్‌లో తేడా ఉందేమో."

"ఆడలేక మద్దెల ఓడు అనమంటావా? విప్పి చూశాను. చక్రం బాగుంది, మోటారు బాగుంది. ఇక మిగిలింది నా చెయ్యే." ఆ చెయ్యి తనది కాదన్నట్టు ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఆమె మిషన్ వేసి ఆపింది. కోత చక్రం నెమ్మదిస్తూ చుట్టుకొకసారి టక్కు టక్కుమంది. మధ్యలో ఏదో దబ్బుమంది. మళ్ళీ వేసింది, ఆపింది. ఈసారి కళ్ళు మూసుకుని బల్ల మీద వేళ్ళతో తకిట తకధిమి, తకిట తకధిమి అని వేసింది. సరిగ్గా ఏడో దెబ్బకి దబ్. మళ్ళీ ఏడుకి దబ్.

"నాన్నా, చక్రంలో తప్పుంటే ప్రతి చుట్టుకీ వినపడాలి కదా. ఇది ఏడు చుట్లకోసారి వస్తోంది. చక్రం ఏడుసార్లు తిరిగేలోపు ఒక్కసారే తిరిగేది ఏముంది ఇందులో?"

నాన్న మిషన్ వెనక్కి వంగి చూసి, "బెల్టు" అన్నాడు.

ఊడదీసి లోపలివైపు వేలు పోనిస్తే, మొన్న వానాకాలంలో ఆయనే అతికించిన చోట, ఈ ఎండలకి లేచిన చిన్న బొడిపె తగిలింది. అది చక్రం దగ్గరికి వచ్చినప్పుడల్లా కోత ఉలిక్కిపడుతోంది. అరలోంచి కొత్త బెల్టు తీసి వేశారు. నాన్న ఒక బీరువా చెవి కోసి తాళంలో పెట్టాడు. వెన్నలో దిగినట్టు దిగి తిరిగింది. ఆయన తన కుడిచెయ్యి చాపి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. చెయ్యి నిలకడగానే ఉంది, కళ్ళే కాస్త చెమర్చాయి.

"ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు నాన్నా."

ఆయన అట్టముక్కను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. తర్వాత కూతురి చెవి పట్టుకుని, చిన్నప్పటిలా మెల్లగా మెలిపెట్టాడు.

"ముప్పై ఏళ్ళలో నేను చేసిన చెవులన్నిట్లోకీ ఇదేనమ్మా బాగా కుదిరింది."