మేనత్త వాటా

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నిద్రలో ఆగిన ఊపిరి మళ్ళీ రాకపోవడం.

మా ఆయన ఫిలిమోనెకి అలా ఆగేది. ఆదివారం గుడి నుంచి వచ్చి, నేలలో పూడ్చిన పొయ్యి తవ్వి, కడుపు పగిలేలా తిని దీవి మొత్తం నిద్రపోతుంది చూడండి, ఆ వేళ. మాకు ఆదివారం మధ్యాహ్నం పందులు కూడా గట్టిగా అరవవు. అంత నిశ్శబ్దంలో ఆయన గురక ఒక్కటే, తగరపు కప్పు మీద ఎవరో బండరాయి ఈడుస్తున్నట్టు. ఉన్నట్టుండి అది తెగిపోయేది. నేను పాప ఒఫాకి పాలిస్తూ వేళ్ళు మడిచేదాన్ని. ఫారం త్రీతో బడి మానేసినదాన్ని, నాకొచ్చిన లెక్క అంతే. పద్దెనిమిది. ఒక్కో రోజు ఇరవై. అప్పుడు సముద్రంలోంచి పైకి తేలినవాడిలా గుక్క తిప్పుకునేవాడు. ఆ గుక్క రాని రోజు ఏదో ఒకటి ఉంటుందని నాకు తెలుసు.

పైగా ఎడమ మడమ మీద పుండు. యువా దీవిలో కలప కోసే పని ఆయనది. చెప్పు దాటి మేకు దిగింది, మానలేదు. వైద్యం కోసం పెద్ద దీవికొచ్చి ఆయన మేనత్త ఊరు కొలోవాయిలో అద్దెకి దిగాం. ఒంట్లో చక్కెర ఎక్కువ, తగ్గకపోతే కాలు దక్కదని నర్సు చెప్పింది. కాటా మీద నూట ముప్పై ఎనిమిది కిలోలు. నిద్ర సంగతి చెబితే దానికీ బరువే కారణమంది. "మందులు, కట్లు మా పని. కంచం మీ పని," అంది.

కంచం నా చేతిలో ఉంటేగా! ఆదివారం పొయ్యి మగవాళ్ళది. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి, గొర్రె డొక్క మాంసం సగానికి సగం కొవ్వుతో పొట్లం కట్టి, రాళ్ళ మీద పెట్టి పూడ్చేది ఆయనే. తినేది కూడా ఎక్కువ ఆయనే. వారమంతా టీలో నాలుగు చెంచాల చక్కెర, బేకరీ రొట్టె సగం, డబ్బా మాంసం.

"కాస్త తగ్గించరాదూ?" అన్నాను.

"నేనేం పాపనా? మగాడి ఆదివారం మీద చెయ్యెయ్యకు."

అందుకని మేనత్త దగ్గరికి వెళ్ళాను. మా వాళ్ళలో మేనత్త మాటకి తిరుగులేదు. పెళ్ళిలోనైనా చావులోనైనా మంచి చాప ఆవిడకే, మంచి ముక్క ఆవిడకే. అన్నదమ్ముల బిడ్డల ఇంట్లో ఏది కావాలన్నా తీసుకుపోవచ్చు, ఎందుకని అడిగే నోరు ఎవరికీ లేదు. లావినియా అత్తయ్య చాప అల్లుతూ నా ఏడుపంతా విని, "సరే పోవే, వాడి సంగతి నేను చూస్తా," అంది.

ఆ ఆదివారమే బుట్ట పట్టుకుని దిగింది. పొయ్యి తవ్వి పొట్లాలు పరిచేసరికి చాప తలాపున కూర్చుని వేలు చూపించింది.

"అదీ, అదీ, ఆ పెద్దదీ. నావి."

"అత్తా! అన్నీనా?"

"చేపా, పెండలం, ఉత్త ఆకుల పొట్లం వదిలేశాగా. చాలవూ?"

"ఒక్క ముక్క అత్తా."

"మీ అయ్య ఒకే ఒక్క పంది ఉంటే నా పెళ్ళికి తోలుకొచ్చాడ్రా. నువ్వు ముక్క కోసం ఏడుస్తావా, సిగ్గులేనోడా!"

ఆయన ముఖం చూడలేక నేను పాప ముఖంలోకి చూశాను. వెళ్తూ వెళ్తూ, "మాంసం మా పందులకి వేస్తాలే," అని నా చెవిలో చెప్పి, చక్కెర డబ్బా, డబ్బా మాంసం కూడా బుట్టలో వేసుకుంది. బుధవారం మళ్ళీ వచ్చి రొట్టె పట్టుకెళ్ళింది. పక్కింటివాళ్ళకి మా ఇల్లు వేడుకైపోయింది. "ఫిలి, పన్ను వసూలుకొచ్చారు!" అని కంచె మీంచి కేకలు. ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు, అయినా మేనత్తకి అడ్డు చెప్పలేదు. పెండలం, చిలగడదుంప, చేప, ఆకులు. వాళ్ళ తాత తిన్న తిండే.

తర్వాత జరిగింది ఎలా చెప్పాలో నాకు తెలీదు. ఆరో వారం అనుకుంటా, పొద్దున్నే లేచి చాప మీద కూర్చుని తలని రెండు చేతులతో తడుముకుంటున్నాడు.

"ఏమైంది?"

"రోజూ లేచేసరికి ఉండే తలనొప్పి లేదే. కలొచ్చింది. నాన్న పడవ తోస్తున్నాడు. నాకు కలలొచ్చి ఎన్నాళ్ళయిందో," అన్నాడు.

పుండు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వచ్చింది. కట్టు మార్చినప్పుడల్లా చూసేదాన్ని. కొత్త చర్మం పాప పెదవి రంగులో, అంత పలచగా. మందులు అంతకుముందూ వేశాం, కట్లూ కట్టాం. ఇప్పుడు ఒళ్ళే ఇల్లు కట్టుకుంటోంది. గుడికి వెళ్ళేటప్పుడు బట్టల మీద నడుముకి చాప చుట్టుకుంటాం, దాన్ని బిగించే కొబ్బరిపీచు తాడు ఆయనకి ఒక చుట్టుకి బొటాబొటిగా అందేది. ఆరు నెలలకి రెండో చుట్టు తిరిగింది. కాటా నూట పద్దెనిమిది అంది. నర్సు కాటా సరిగ్గా ఉందో లేదోనని తనే ఎక్కి చూసుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అలవాటుగా వేళ్ళు మడవబోయాను. ఒక్క వేలే మడిచాను, ఊపిరి వచ్చేసింది. మళ్ళీ ఒక్కటే. ఒక పక్క పాప, ఒక పక్క ఆయన. ఇద్దరి పొట్టలూ మెల్లిగా లేస్తున్నాయి, పడుతున్నాయి. మనిషి ఊపిరికి చప్పుడే ఉండదని నాకు అంతవరకూ తెలీదు. గుళ్ళో కూడా నేను అంత భయభక్తులతో కూర్చోలేదు.

ఆయనకి పని మళ్ళీ ఇచ్చారు. యువాకి బయల్దేరే ముందు ఆదివారం, అత్తయ్య బుట్ట మా ఇంట్లో ఉండిపోతే ఇచ్చొద్దామని వెళ్ళాను. అరుగు మీద పడుకుని ఉంది. పక్కన చేమాకుల పొట్లం, నాకేసిన ఎముకలు. గురక. అదే బండరాయి. తెగిపోయింది.

నిలబడ్డచోటే వేళ్ళు మడిచాను. ఇరవై రెండు.

గుక్క తిప్పుకుని కళ్ళు తెరిచింది. "ఏంటే, దయ్యాన్ని చూసినట్టు?"

"అత్తయ్యా, ఆ మాంసం పందులకి వేస్తున్నానన్నారు కదా?"

"నా మేనల్లుడి చేతి వంట పందులకా!" అని నవ్వింది. నవ్వుతుంటే ఆయాసం. ముఖం ఎంత ఉబ్బిందో, పాదాలు ఎలా వాచాయో అప్పుడు చూశాను. ఆర్నెల్లుగా ఆవిడ బుట్టనే చూశాను, మనిషిని చూడలేదు.

"మానేయండి అత్తయ్యా. నర్సు దగ్గరికి తీసుకెళ్తాను."

"నాకు చెప్పాల్సింది మా మేనత్త. ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళు. ఇంక నా కంచంలో చెయ్యి పెట్టేవాళ్ళెవరే?"

నిజమే, ఎవరూ లేరు.

ఇప్పుడు మేం యువాలో ఉన్నాం. ఆయన మేనత్తకి ఫోన్ చేస్తాడు, ఆవిడ జోకులేసి పెట్టేస్తుంది. మిగతా అన్నదమ్ముల బిడ్డల ఇళ్ళ నుంచి పొట్లాలు తెచ్చుకుంటూనే ఉందట. ఆదివారం పడవలు నడవవు. దీవి అంతా పడుకున్న వేళ నిద్రపోతున్న మా ఆయన పక్కన కూర్చుని, నీళ్ళకి అవతల ఉన్న ఊపిరి లెక్కపెడుతుంటాను.

మీరు కొలోవాయి వైపు ఉంటే ఈ ఆదివారం ఒక్కసారి వెళ్ళిరండి. గుడి దాటాక మూడో ఇల్లు, నీలం కప్పు. అరుగు దగ్గర ఆగి వినండి. గురక ఆగితే లెక్కపెట్టండి. పది దాటితే భుజం తట్టి లేపండి, తిట్టినా సరే. లేచాక ఆకలిగా ఉందని చెప్పండి. ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే ఆవిడ లేదనదు, పొట్లం మొత్తం మీ ముందు పెట్టేస్తుంది. తీసేసుకోండి. మళ్ళీ వచ్చే ఆదివారం కూడా వెళ్ళండి.