గుంజ పక్కన నిలబడ్డామె

పోయినాయన భుజం మీదున్న చేతిని రూసా తుడిచేస్తోంది. ఎవరిదో ఆడమనిషి చెయ్యి. మోచేతి దాకా మాత్రమే ఫొటోలో పడింది. వేలికి ఉంగరం, గోళ్ళకి ఎర్రరంగు. ఏదో పెళ్ళి విందులో తీసిన ఫొటో అయివుంటుంది. పక్కనున్న కోటు రంగుని కొంచెం కొంచెంగా తెచ్చి, కంప్యూటరు తెర మీద ఆ చేతిపై పరుస్తోంది. ముందు గోళ్ళు పోయాయి, తరవాత వేళ్ళు, చివరికి ఉంగరం. కాసేపటికి ఆయన ఏ చుట్టరికమూ లేని పెద్దమనిషిలా ఒంటరిగా మిగిలాడు. సంతాప పత్రంలో వెయ్యడానికి అలాంటి ముఖమే కావాలి.

మా పట్నంలో చనిపోయినవాళ్ళు ఒక పట్టాన వీధి వదిలి వెళ్ళరు. సొంత ఇంటి తలుపు మీద, కరెంటు స్తంభం మీద, బస్సు కోసం నిలబడేచోట అద్దం మీద, నల్ల అంచు కాయితంలో ఫొటో అయి కూచుంటారు. నలభయ్యో రోజుకి ఒక కాయితం, ఏడాదికి ఒకటి, ఆ పైన ఏటేటా ఒకటి. బజారుకి పోయేవాళ్ళు సంచులు కింద పెట్టి చదువుతారు. ‘అయ్యో, ఈయన పోయి అప్పుడే అంత కాలమైందా’ అనుకుని, సంచులెత్తుకుని ముందుకి సాగుతారు. ఆ కాయితాలన్నీ పెన్కో జిరాక్సు కొట్టు వెనకగదిలో, రూసా చేతి మీదుగా పోయినవే.

రూసా అరవై దాటిన మనిషి. గుండ్రటి భుజాలు, కురచ మెడ, ఒక పక్కకి దువ్వి పిన్ను పెట్టుకున్న బూడిదరంగు జుట్టు. కుడి మణికట్టుకి ఎప్పుడూ ఊదారంగు ఉన్నిపట్టీ ఉంటుంది. ఎవరితో మాట్లాడినా కళ్ళలోకి చూడదు, మెడ దగ్గర చూస్తుంది. కాలరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం అలవాటైపోయింది. అందుకే వీధిలో ఆమె ఎదురుపడితే కొందరికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

ఆ ఉదయం గొర్రెల కాపరి కొడుకు దొబ్రిన్ వచ్చాడు. తండ్రి ఏడాది కాయితం కోసం.

“మా నాన్నకి టై కట్టండక్కా.”

“మీ నాన్న జన్మలో ఎప్పుడన్నా కట్టాడా?”

“లేదు. అందుకే కట్టమంటున్నా. అక్కడన్నా కాస్త దర్జాగా ఉంటాడు.”

“ఆయన్నలా చూస్తే గొర్రెలు బెదిరిపోతాయయ్యా.”

“పోనీండి. బతికున్నన్నాళ్ళూ అవేగా ఆయన్ని పరుగులు పెట్టించాయి!”

రూసా దగ్గర ఉన్నది ఒక్కటే టై. ఎప్పుడో పోయిన బడిపంతులు ఫొటో లోంచి తీసి దాచుకున్నది, నీలం చారలది. ఊళ్ళో మగాళ్ళు సగానికి సగం ఆ టైతోనే వెళ్ళిపోయారు. దాన్ని కాపరి మెడకి సరిచేస్తూ, వీళ్ళందరూ పైన ఒకరికొకరు ఎదురుపడి, ఒకళ్ళ టై ఒకళ్ళు చూసుకుంటే ఏమనుకుంటారో అని రూసా ఊహించుకుంది. నవ్వొచ్చింది. కొట్టు బయట లిండెన్ చెట్లు విరగబూశాయి. ఆ వాసనకి మా వీధిలో జూన్ నెలంతా మనుషులు సగం నిద్రలో ఉన్నట్టే తిరుగుతారు.

నవ్వు వచ్చినంత సేపు కూడా నిలవలేదు. ఇంట్లో అత్తగారు కెరా మంచం మీద ఉంది. డాక్టరు ఇక చేసేదేం లేదని చెప్పి ఇంటికి పంపేశాడు. రూసా భర్త బోయాన్ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. కొడుకు పోయాక కూడా కోడలు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకున్నావని అత్త అడగలేదు, ఎందుకున్నానో కోడలు చెప్పలేదు. ఇద్దరూ ఒకరినొకరు సాధించుకుంటూ హాయిగానే ఉన్నారు.

పొద్దున పాలలో నానేసిన రొట్టె నాలుగు చెంచాలు తినిపించేసరికి కెరా మొహం తిప్పేసుకుంది.

“ఇంక చాల్లేవే. పోయేదాన్ని మేపి ఏం చేసుకుంటావు? అది చెప్పు, దొరికిందా?”

“లేదత్తయ్యా. వెతుకుతూనే ఉన్నా.”

“త్వరగా వెతుకు. నీ పనెప్పుడూ నత్తనడకే. నేనిట్లా ఎన్నాళ్ళని ఆగను?”

ఆవిడ అడిగేది వాళ్ళమ్మ ముఖం. కెరాకి ఆరు నెలలు నిండకుండానే తల్లి స్తానా జ్వరంతో పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటో ఆ రెండో పెళ్ళిది. తల్లి ఎలా ఉండేదో కెరాకి ఎవరూ చెప్పలేదు, అడిగితే సవితి తల్లికి కోపం. ఎనభై ఏడేళ్ళు ఆ సంగతి తలుచుకోకుండా బతికేసింది. మంచం పట్టాక ఇప్పుడు అదే దిగులు పట్టుకుంది.

“నాకేమో ఆవిడ మొహం తెలీదు. ఆవిడకేమో నేను ఉయ్యాల్లో పిల్లని,” అంటుంది. “ఈ ముడతల మొహమేసుకుని వెళ్ళి నేను నీ కూతుర్నంటే ఎవరు నమ్ముతారే? ఇరవై ఏళ్ళ పడుచు, దడుచుకుంటుంది. ఆ జనంలో ఎటు వెళ్ళాలో కూడా తెలీకుండా తిరుగుతా.”

దేవుడి దగ్గరికి వెళ్ళడానికి ఆవిడకి భయం లేదు. అక్కడ దిక్కులేని పిల్లలా నిలబడాలనే భయం. రూసాకి ఆ భయం పోగొట్టకుండా ఆవిడని పంపడం ఇష్టం లేదు.

మధ్యాహ్నం పెన్కో భోజనానికి వెళ్ళాక, రూసా రొట్టె, తెల్ల జున్ను, టమాటా బల్ల మీద పెట్టుకుని జిల్లా మ్యూజియం వాళ్ళ సైటు తెరిచింది. వెనకటికి కంచరగాడిద మీద కెమెరా వేసుకుని ఊరూరా తిరిగిన ఒక ఫొటోగ్రాఫరు గాజుపలకలు ఏదో అటక మీద దొరికితే, వాళ్ళు ఒక్కొక్కటే శుభ్రం చేసి అందులో పెడుతున్నారు. మంచు కురిసే రోజుల నుంచీ ఆమె మధ్యాహ్నాలన్నీ వాటిలోనే గడుస్తున్నాయి. ఒక చేత్తో రొట్టె తింటూ, ఇంకో చేత్తో ముఖాల్ని జరుపుతూ ఉంటుంది. ద్వారబంధం ముందు వధూవరులు. గుర్రం తల పట్టుకున్న సైనికుడు. కదిలిపోయి పొగలా మిగిలిన చంటిపిల్ల. ఎవరూ నవ్వరు, అందరూ తననే చూస్తారు. కొన్నాళ్ళకి ఆమెకి వాళ్ళంతా గుమ్మంలో నిలబడి, ‘మమ్మల్నేనా నువ్వడిగేది?’ అంటున్నట్టు అనిపించడం మొదలైంది. ‘మిమ్మల్ని కాదమ్మా’ అని లోలోపల మన్నించమని అడిగి, పక్కకి జరిపేది.

ఆ రోజు కొత్తగా పెట్టిన వాటిలో ఒకదాని కింద గోర్నా లిపా అని ఉంది. కెరా పుట్టిన ఊరు. రూసా చేతిలో రొట్టె కింద పెట్టేసింది.

ఒక పందిరి. దాని కింద దండలు దండలుగా వేలాడుతున్న పొగాకు ఆకులు. ముందు వరసలో ఏడుగురు ఆడవాళ్ళు, భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. అందరి తలగుడ్డలూ ఒకేలా, చెవి పైకి తెచ్చి ముడేసి ఉన్నాయి. కింద ఇల్కో అనే ఆయన రాశాడు, అడవిశాఖలో పనిచేసి రిటైరయ్యాడట: “మా అమ్మ చెప్పేది, ఇది మా ఊరి పొగాకు పందిరి. గుంజ పక్కనున్నామె స్తానా. ఆ తరవాతి ఏడాదే పోయింది పాపం.”

రూసాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫొటో పెద్దది చేసింది. అప్పుడు చూసింది, పందిరికి గుంజలు రెండు. వరసకి ఈ కొసనొకటి, ఆ కొసనొకటి. రెండింటి పక్కనా ఒక్కో మనిషి ఉంది.

ఏ గుంజ బాబూ అని రాసింది. టమాటా ముక్క తినకముందే జవాబు వచ్చింది. “అదే నాకూ తెలీదమ్మా. మా అమ్మ కూడా ఈ వసంతంలో పోయింది. ఇంక అడగడానికి ఎవరూ లేరు.”

ఎడమ కొసనున్నామె నవ్వుతూ తల కదిపినట్టుంది, ముఖం సగం చెదిరిపోయింది. కుడి కొసనున్నామె ముఖం మాత్రం స్పష్టంగా ఉంది. తిన్నని ముక్కు, కాస్త పైకి లేచిన గడ్డం. రూసా చాలాసేపు ఇద్దర్నీ చూసింది. అత్తగారి ముక్కుని గుర్తు చేసుకోబోతే, రోజూ చూసే ఆ ముక్కు ఎంతకీ గుర్తు రాలేదు. చివరికి తన వృత్తిలో మనుషులు ఏం చేస్తారో అదే చేసింది. బాగా పడిన ముఖాన్ని తీసుకుంది. మిగతా ఆరుగుర్నీ కోసేసింది. భుజం మీదున్న పక్కామె చేతిని తుడిచేసింది. వెనకున్న ఆకులు తీసి మెత్తటి బూడిదరంగు పరిచి, కోడిగుడ్డు ఆకారంలో చట్రం కట్టింది. చూడముచ్చటగా వచ్చింది. మనసులో మాత్రం ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. అందుకేనేమో మొత్తం ఫొటో కూడా ఒకటి అచ్చు తీసి సంచిలో పెట్టుకుంది.

“పెన్కో, ఇవాళ తొందరగా వెళ్తున్నా.”

“ఏం, ఎవరన్నా పోయారా?” అన్నాడు పెన్కో. ఆ కొట్లో పలకరింపు అలాగే ఉంటుంది.

“ఇంకా లేదు,” అంది రూసా.

కెరా మంచం కిటికీ పక్కన ఉంది. కళ్ళు మూసుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు పెదాలు కదుపుతోంది. రూసా వీపు వెనక దిండు సర్ది, చట్రంలో ఉన్న ఫొటో చేతికిచ్చింది. ఆవిడ దాన్ని దూరంగా పెట్టుకుని చూసింది. దగ్గరగా తెచ్చుకుని చూసింది.

“పిల్ల బాగానే ఉంది. ఈ భుజం ఇలా కిందికి వాలిందేం? ఎవరో చెయ్యేసినట్టుంది.”

రూసా దుప్పటి అంచు సర్దింది.

“మా ఊళ్ళో ఆడది ఒంటరిగా ఫొటోకి నిలబడటం నేను వినలేదే. మిగతావాళ్ళేరి? ఏం చేశావు వాళ్ళని?”

రూసా సంచి లోంచి రెండో ఫొటో తీసి ఒళ్ళో పెట్టింది. ఇంక దాచడం చేతకాలేదు. “అత్తయ్యా, గుంజ పక్కనున్నామె మీ అమ్మ అన్నారు. గుంజలేమో రెండున్నాయి. ఈవిడో, ఆవిడో నాకు తెలీదు. తెలిసినట్టు ఇచ్చేద్దామనుకున్నా. తప్పే.”

కెరా ఏడుగురి మీదా వేలు పెట్టి మెల్లగా పోనిచ్చింది, ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా. మళ్ళీ వెనక్కి. తరవాత ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని రూసా కంగారుపడింది. నవ్వుతోంది.

“పిచ్చిదానా! ఇంతమంది కలిసుంటే నాకింకేం కావాలే? ఇదుగో, ఈ పందిరి దగ్గరికి పోతా. స్తానా కూతుర్నర్రా, అంటా. వాళ్ళేం ఊరుకుంటారా? నవ్వుకుంటూ ఆవిణ్ణి ముందుకి తోస్తారు. నేను గుర్తుపట్టక్కర్లేదు, ఆవిడా గుర్తుపట్టక్కర్లేదు.” కాస్త ఊపిరి తీసుకుంది. “ఒక్కదాన్నే కోసి తెచ్చావు, నీ బుద్ధి కాలా. పాపం దాన్ని ఎవరు పలకరిస్తారు?”

ఇన్ని నెలల తరవాత ఆవిడ నుదుటి మీద ముడి విడిపోవడం రూసా చూసింది. తన గుండెలో బరువు కూడా దానితో పాటే దిగింది.

“ఆ దువ్వెనియ్యి ఇలా.”

దుస్తుల బీరువా మీదున్న కొమ్ము దువ్వెన రూసా అందించింది. ఇంకెవరి చేతా దువ్వించుకోదు ఆవిడ. చెయ్యి పైకి లేవకపోయినా, తలే కిందికి వంచి, పలచటి తెల్లజుట్టుని ఆగి ఆగి తనే దువ్వుకుంది. తెల్ల తలగుడ్డ తెప్పించి, ఫొటోలో ఉన్నట్టే చెవి పైన ముడెయ్యమంది. “మనూరిదే అని దూరం నుంచే తెలియాలి కదా.” రూసా రెండుసార్లు విప్పి మళ్ళీ కట్టింది, మూడోసారికి కుదిరింది.

“మా బోయాన్‌కేమన్నా చెప్పాలా?”

పోయేవాళ్ళతో కబురంపడం మా దగ్గర మామూలే. రూసాకి చెప్పాల్సినవి కొండంత ఉన్నాయి.

“గేటు కీలు బాగుచేయించానని చెప్పండి,” అంది చివరికి.

“చెప్తాలే. ఇన్నాళ్ళకా అంటాడు. పో, లిండెన్ పూలు కాసి తీసుకురా. నోరెండిపోతోంది.”

రూసా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు మరగబెట్టింది, పూలు వేసింది, వడకట్టింది, కాస్త తేనె కలిపింది. పక్క గదిలో కెరా ఎవరినో పిలుస్తున్నట్టు, మళ్ళీ నవ్వుతున్నట్టు వినిపించింది. కప్పు పట్టుకుని వచ్చేసరికి ఆవిడ దిండుకి ఆనుకుని, తల కొంచెం పక్కకి వాల్చి ఉంది, ఎవరి మాటో వింటున్నట్టు. రూసా రెండుసార్లు పిలిచింది. కప్పు కింద పెట్టి, మంచం అంచున కూచుని, ఆ చల్లబడుతున్న చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తన తల్లి పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

తరవాత లేచి, చెయ్యాల్సినవన్నీ చేసింది. అద్దం మీద దుప్పటి కప్పింది. కొవ్వొత్తి వెలిగించింది. వెళ్ళే మనిషికి దారి ఉండాలి కాబట్టి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. లిండెన్ వాసన గదంతా నిండింది. ఎండ ఇంకా వీధిలోనే ఉంది, ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. కిటికీ గట్టు మీద కెరా పెట్టేసిన కొమ్ము దువ్వెన ఉంది. దాని పళ్ళలో చిక్కుకున్న పొడుగాటి తెల్లవెంట్రుక ఒకటి, గాలికి బయటికీ లోపలికీ మెల్లగా ఊగుతోంది.