ఒక్క నంబరుకు వేరే సెట్టింగు

ఆ గదిలో అందరూ అతన్ని పోస్టుమాస్టరు అనేవారు. ఉత్తరాలు పంచిన మనిషి కాదు. నగరంలోని ఆసుపత్రుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. ఒకదాని భాష ఇంకొకదానికి పట్టదు. మధ్యలో ఒక సర్వరు కూర్చుని ఇటు మెసేజ్ అటు, అటు మెసేజ్ ఇటు చేరవేస్తుంది. ఆ సర్వరును పద్దెనిమిదేళ్లుగా చూసుకుంటున్నవాడు అతను. అందుకని ఆ పేరు.

కవరు మీద రాసినట్టు ప్రతి మెసేజ్ మీదా కొన్ని గుర్తులుంటాయి. ఎంత తొందరగా పోవాలి, ఎంతసేపు ఆగవచ్చు, డిస్కు మీద రాసి దాచాలా అక్కర్లేదా. వాటిని ప్రాపర్టీలంటారు. వాటి కోసం ప్రోగ్రామును ముట్టుకోనక్కర్లేదు. సెట్టింగుల ఫైలులో రెండు ముక్కలు రాస్తే చాలు. పైన అందరికీ వర్తించే గడి ఒకటి ఉంటుంది. ఏదో ఒక మెసేజ్‌కి వేరుగా కావాలంటే కింద దానికోసం ఇంకో గడి రాయాలి. కొత్తగా చేరిన ప్రతివాడికీ పోస్టుమాస్టరు మొదటిరోజే చెప్పేవాడు.

"కింద గడి రాశావంటే పైది ఇక దానికి లేనట్టే. ఒక్కటి మార్చాలన్నా మిగతావన్నీ మళ్లీ రాసుకోవాలి. మరిచిపోయావో, నీ ఖర్మ."

అందరూ ఒకసారైనా మరిచిపోయినవాళ్లే. అతను తప్ప.

ఆ గదికి ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఫైలులో అక్షరం మార్చినా సరే, ఇంకొకరు పక్కన కూర్చుని పైకి చదవాలి. చదివి రిజిస్టరులో సంతకం పెట్టాలి. దాన్ని రెండో కన్ను అనేవారు. పోస్టుమాస్టరుకు రెండో కన్ను పక్క బల్ల ఆవిడ. గురువుగారూ అని పిలుస్తూనే తప్పులు ఏరి చేతిలో పెట్టేది. కామా దగ్గర కూడా ఆగి చూసే మనిషి. ఆ కట్టుబాటు పెట్టింది పోస్టుమాస్టరే.

అతని భార్యకు రెండు కిడ్నీలూ చెడి మూడేళ్లయింది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు డయాలసిస్. ఎడమచెయ్యి సూదులు దిగీ దిగీ తాడులా ముడులు పడింది. ఇంట్లో గ్లాసులన్నీ ఎత్తిపెట్టి చిన్న కప్పు ఒకటి ఉంచుకుంది. రోజుకు ఇన్ని కప్పులే నీళ్లని డాక్టరు లెక్క.

ఎక్కడో ఎవరో పోయి, వాళ్ల మనుషులు ఒప్పుకుంటే, ఆ కిడ్నీ జాబితాలో ముందున్నవారికి వస్తుంది. ఒకప్పుడు ఫోన్లు చేసి పిలిచేవారు. ఫోన్లలో పలుకుబడి నడుస్తోందని గోల రేగి, ఆ పని మనుషుల చేతిలోంచి తీసేశారు. ఇప్పుడు జాబితా ఆఫీసు కంప్యూటరు మెసేజ్ పంపుతుంది. అది పోస్టుమాస్టరు సర్వరు మీదుగా డయాలసిస్ కేంద్రానికి చేరుతుంది. అక్కడి నర్సు రోగికి కబురు చేస్తుంది. గంటలో జవాబు వెళ్లాలి. వెళ్లకపోతే వద్దన్నట్టే. కిడ్నీ తర్వాతి నంబరుకు పోతుంది.

ఆ నెలాఖరుకు ఆమె నంబరు రెండో స్థానానికి వచ్చింది.

ఆదివారం బావమరిది వచ్చాడు. అతనిది టైర్ల కొట్టు. గోళ్లలో నలుపు ఎన్నడూ పోదు. కుర్చీ లాక్కుని కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"బావా, మీ దగ్గర మెసేజులు ఒక్కోసారి ఇరుక్కుంటాయన్నావు?"

"ల్యాబు రిపోర్టులన్నీ ఒక్కసారే వచ్చి పడితే ఇరుక్కుంటాయి. మధ్యాహ్నప్పూట నలభై నిమిషాలు కూడా ఆగుతాయి."

"ఉన్న గంటలో నలభై నిమిషాలు నీ డబ్బానే తినేస్తే మిగిలేదెంత? ఆ టైముకి అక్క స్నానంలో ఉంటే? ఫోను పరుపు కింద దూరితే?"

"అందరికీ అంతే కదరా."

"అందరూ నాకు అక్కలా? దాని మెసేజ్ ముందుకి తోసే వీలుందా లేదా, అది చెప్పు. నీతులొద్దు."

"ఉంది."

"ఉండి కూర్చున్నావా! పంక్చరు వెయ్యడానికి కూడా నేను తెలిసినవాడి చక్రమే ముందు విప్పుతాను. నువ్వేమో కట్టుకున్నదాన్ని లైన్లో నిలబెట్టావు. బలే మగాడివి బావా."

లోపలి గదిలోంచి ఆమె గొంతు వినిపించింది. "వాడి మాట వినకండి. నా ముందు ఒక్కరే ఉన్నారు. ఎవరినో తోసి తెచ్చింది ఒంట్లో పెట్టుకుని నేను బతకలేను."

"ముందు బతుకక్కా. బతకలేనన్న మాట తర్వాత అందువుగాని."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

ఎవరినీ తొయ్యడం కాదనుకున్నాడు పోస్టుమాస్టరు. జాబితాలో వరస మారదు. ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె మెసేజ్ దారిలో ఆగకుండా పోతుంది, అంతే. అది నిజమే. కానీ ఆ పని అందరికీ చెయ్యవచ్చు. కిడ్నీ మెసేజులన్నిటికీ దారి వదలమని ఒక కాగితం రాస్తే పైవాళ్లు కాదనేవారు కారు. రెండు వారాలు పట్టేది. అతనికి ఆ ఆలోచన రాకపోలేదు. అందరితో పాటు తన భార్య కూడా ముందుకు జరిగితే, జరిగినట్టే ఉండదని ఊరుకున్నాడు.

మర్నాడు, ఒకటో తారీకు సోమవారం, మధ్యాహ్నం పక్క బల్ల ఆవిడ క్యారేజీ పట్టుకుని కిందికి వెళ్లింది. గది ఖాళీ అయింది. అతను ఫైలు తెరిచి అడుగున కొత్త గడి రాశాడు. భార్య నంబరు. ప్రాధాన్యం తొమ్మిది. అంతకు మించిన అంకె లేదు. వరండాలో చెప్పుల చప్పుడైంది. గబుక్కున ఫైలు మూసేశాడు. ఎవరో తలుపు దాటి నీళ్ల సీసా నింపుకుని పోయారు. ఆ తర్వాత అరగంట గది అతనిదే. మళ్లీ తెరవలేదు. దొంగచాటుగా చేసినదాన్ని రెండోసారి చూడ్డానికి చెయ్యి రాదు. రిజిస్టరులోనూ రాయలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి భార్యతో ఏమీ అనలేదు. బావమరిదికి మాత్రం ఫోను చేసి, "చేశానురా" అన్నాడు.

"అదీ!" అన్నాడు అవతలివాడు. "ఇప్పుడు మగాడివి."

మొదటి వారం పోయింది. రెండో వారమూ పోయింది. మెసేజ్ రాలేదు. మూడో వారంలో ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడక గోడకు దిండు వేసుకుని కూర్చునేది. ఆసుపత్రిలో చేర్చారు. ఐదోరోజు పెద్ద డాక్టరు అతన్ని గది బయటికి పిలిచాడు.

"గుండె బాగా దెబ్బతిందండీ. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోతారు. జాబితాలోంచి పేరు తీసేయక తప్పదు."

"బాగుపడితే మళ్లీ పెడతారా?"

డాక్టరు అతని భుజం వైపు చూశాడు. మొహం వైపు చూడలేదు. "బాగుపడే గుండె కాదు. ఉన్నన్నాళ్లు డయాలసిస్ చేద్దాం. అదీ ఎక్కువకాలం తట్టుకోలేరు."

బండ్లు నిలిపే చోట బావమరిది గోడకు చేరబడి ఏడ్చాడు. జేబులోంచి నూనెగుడ్డ తీసి దాంతోనే మొహం తుడుచుకున్నాడు. బుగ్గలు నల్లబడ్డాయి.

"ఒక్కటి రాలేదు బావా. మూడేళ్లు కూర్చుంటే ఒక్కటంటే ఒక్కటి రాలేదు."

పోస్టుమాస్టరు అతని వీపు నిమిరాడు. తను చేయగలిగింది చేశాననే అనుకున్నాడు. ఆ ఊరట వారం రోజులు ఉంది.

నెలాఖరున అవతలివాళ్లు పంపిన మెసేజులకూ ఇవతలికి చేరినవాటికీ పొంతన చూస్తారు. అది పక్క బల్ల ఆవిడ పని. ఉదయం పదకొండుకు కాగితం పట్టుకుని వచ్చి నిలబడింది.

"గురువుగారూ, ఒకటి తగ్గింది."

"ఎక్కడ?"

"జాబితా ఆఫీసుది. మూడో తారీకు బుధవారం, పన్నెండుకు ఐదు నిమిషాల ముందు మనకిచ్చారు. మన దగ్గర్నుంచి బయటికి పోలేదు."

బుధవారం పన్నెండుకు సర్వరును ఆపి మళ్లీ మొదలుపెడతారు. ప్రతి వారం ఉన్నదే. డిస్కు మీద రాసిన మెసేజులు అలాగే ఉంటాయి, రాయనివి చెరిగిపోతాయి. పైన అందరి గడిలో ఆ మాట రాసే ఉంది, డిస్కు మీద దాచమని. పద్దెనిమిదేళ్లలో ఒక్క మెసేజ్ పోలేదు.

"ఆ టైములో డయాలసిస్ కేంద్రంలో షిఫ్టు మారుతోంది" అంది ఆవిడ. "వాళ్ల కంప్యూటరు పది నిమిషాలు మూసి ఉంది. మెసేజ్ మన దగ్గరే ఆగింది. అంతలో సర్వరు ఆపారు. మళ్లీ లేచేసరికి లేదు. ఆ రోజు ఆగినవి ఇంకో పదకొండున్నాయి. అవన్నీ చేరాయి. ఇదొక్కటే డిస్కు మీద లేదు."

"ఏ నంబరు?"

ఆవిడ చదివింది.

అతను కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"ఫైలు తెరిచి చూశాను. అడుగున ఈ నంబరుకి ఎవరో గడి రాశారు. ప్రాధాన్యం ఒక్కటే పెట్టి వదిలేశారు. డిస్కు మాట లేదు. కొత్తవాళ్లెవరికో కోడిగుడ్డంత బుర్ర... రిజిస్టరులో చూస్తే సంతకాల్లేవు. ఎవరండీ ఇది?"

"నేనే."

ఆవిడ నవ్వబోయి ఆగింది.

"ఆ నంబరు మా ఇంటావిడది" అన్నాడు.

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టింది. కుర్చీలో కూర్చుంది.

"నాకు చూపించుంటే ఒక్క నిమిషంలో పట్టేసేదాన్ని కదండీ."

"చూపిస్తే ఒప్పుకునేదానివా?"

"లేదు. తీసేయమనేదాన్ని." కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా మాట ఆపలేదు. "తీసేసుంటే చేరేదండీ. మిగతా పదకొండూ చేరినట్టే చేరేది."

అతను కాగితం తనవైపు తిప్పుకుని ఆ నంబరు చూశాడు.

"నేను దీన్ని రాయకుండా ఉండలేను గురువుగారూ."

"రాయమ్మా."

అలాంటి నష్టాలకు ఒక ఫారం ఉంది. ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎవరికి నష్టం. చివరి గడిలో, నష్టపోయిన మనిషికి విషయం చెప్పి సంతకం తీసుకోవాలి. ఆవిడ రాసింది. అతను చదివాడు. ఒక్క తప్పు లేదు. మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

డయాలసిస్ గదిలో ఎనిమిది మంచాలు. కిటికీ పక్క మంచం ఆమెది. ఎడమచేతిలోంచి రెండు గొట్టాలు యంత్రంలోకి పోతున్నాయి. ఆమె అతన్ని చూసి గోడ గడియారం చూసింది.

"ఈ వేళప్పుడు వచ్చారేం?"

ఫారం ఇచ్చాడు. ఆమె కళ్లజోడు లేకుండా దూరంగా పట్టుకుని రెండు వరసలు చదివి దించేసింది.

"నాకు అర్థం కాదు. మీరే చెప్పండి."

"మూడో తారీకున నీకు కిడ్నీ వచ్చింది."

"నాకా?"

"నీకే. జాబితా ఆఫీసును అడిగాను. నీ ముందాయనకి జ్వరమని తప్పించారట. నీ వంతు వచ్చింది."

"మరి?"

చెప్పాడు. ఏమీ దాచలేదు. సోమవారం, క్యారేజీ, చెప్పుల చప్పుడు, అన్నీ చెప్పాడు. సగంలో ఆమె కళ్లు మూసుకుంది. వింటోందో లేదో తెలియలేదు. అతను ఆపగానే కళ్లు తెరిచింది.

"నేనడిగానా?"

"లేదు."

"తమ్ముడన్నాడని చేశారా?"

ఔననవచ్చు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది.

"కాదు. వాడు అనకపోయినా చేసేవాణ్ణి."

"ఎవరికెళ్లింది?"

"చెప్పరు."

"బాగున్నారటా?"

"అదీ చెప్పరు."

ఆమె కుడిచెయ్యి చాపింది. "పెన్నివ్వండి."

ఛాతీ మీద ఫారం పెట్టుకుని సంతకం చేసింది. గీత వంకర పోయింది. ఇంకోసారి దిద్దింది. తారీకు అడిగి అదీ వేసింది.

"వాడికి చెప్పకండి" అంది. "వాడు మిమ్మల్నేమీ అనడు. తననే తిట్టుకుంటాడు. చిన్నప్పట్నుంచీ అంతే."

"సరే."

"ఇక బయట కూర్చోండి. ఇంకా రెండు గంటలుంది."

"ఇక్కడే ఉంటాను."

"వద్దు. మిమ్మల్ని చూస్తుంటే ఏడుపొస్తోంది. ఏడిస్తే ఈ మిషను మోగుతుంది. పక్కవాళ్లు నిద్రపోతున్నారు."

అతను బయటికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఫారం నలగకుండా మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కాసేపటికి లోపల మిషను మోగింది. నర్సు గబగబా లోపలికి పోయింది. మోత ఆగింది. నర్సు బయటికి రాకముందే మళ్లీ మోగింది. అతను లేచి తలుపు దాకా వెళ్లాడు. పిడి మీద చెయ్యి వేశాడు. తలుపు తియ్యలేదు.