కోడలు పెట్టిన హద్దు

స్పానరయ్య చెయ్యి పడితే మొండి ఇంజను కూడా దారికొస్తుందని వీధంతా చెప్పుకుంటారు. అలాంటి మనిషి ఆ ఉదయం తన షెడ్డులోనే పరాయివాడిలా ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఉన్నచోటే పరుగెత్తించి చూడటానికి కారు చక్రాలు రోలర్ల మీద, ముందుకు దూకకుండా కారు నడుముకి బెల్టులు. లోపల కోడలు, ఆమె ఒళ్లో ల్యాప్‌టాప్.

ఆ ఇంజనుని ఆయన ఒక్కో ముక్కా కడిగి, కూర్చి, కంటికి రెప్పలా చూసుకుంటూ కట్టాడు. ఆదివారం కొండ పందెంలో దాన్ని నడపబోయేది ఆయన ఒక్కగానొక్క కొడుకు. ఇంజనులోకి గాలిని కూరిపెట్టే టర్బో ఒకటి దానికి తగిలించారు. గాలి తక్కువైతే కారు కొండెక్కదు. ఎక్కువైతే పిస్టన్లు కరిగిపోతాయి. పక్కనే లోయ ఉన్న మలుపులో అది జరిగితే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆయన దేవుణ్ణి తలుచుకునేవాడు.

టర్బోని తిప్పేది ఇంజను పొగే. ఎక్కువైన పొగని పక్కకి వదలడానికి ఒక చిన్న తలుపు ఉంటుంది. దాన్ని మూసి పట్టుకునేది స్ప్రింగు, కదిపేది రాడ్డు. ఆయన కాలంలో అంతే. ఇప్పుడు కంపెనీవాళ్ల కంప్యూటరు తీసేసి కోడలు కొత్తది బిగించింది. ఆ తలుపు ఎప్పుడు ఎంత తెరవాలో అది చెబుతుంది; దానికి కోడలు చెబుతుంది.

ముందురోజు పని మొదలుపెట్టే ముందే ఆమె ఒక హద్దు రాసింది. గాలి ఒత్తిడి అది దాటితే ఇంజనుకి పెట్రోలు ఆగిపోవాలి.

"నా ఇంజను మీద నమ్మకం లేదా అమ్మాయ్?" అన్నాడాయన, కాస్త మనసు చివుక్కుమని.

"ఇంజను మీద ఉంది మామయ్యా. నా మీదే లేదు."

తర్వాత కంప్యూటరు పెత్తనం తీసేసి, ఒట్టి స్ప్రింగు ఎంత గాలి పట్టుకుంటుందో చూసింది. అక్కణ్ణుంచి పసివాడికి నడక నేర్పినట్టు గాలిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయింది. తొందర లేదు, విసుగు లేదు. ఆ ఓపికకి ఆయన లోలోపల మురిసిపోయాడు. కానీ వేగం పైకి పోయేకొద్దీ ఇంజను ఊపిరి సన్నగిల్లుతున్నట్టు ఆయన చెవికి తోచింది. సాయంత్రం ఆమె ఇంట్లోకి వెళ్లాక, ఆ తలుపు ఇంకా గట్టిగా మూసుకునేలా రాడ్డు కాస్త బిగించి, ఊరుకున్నాడు. చెబితే గ్రాఫు చూద్దాం అంటుంది. చెవికి తెలిసినదానికి గ్రాఫెందుకు?

ఇప్పుడు ఆయన లేచి బానెట్ ముందు చేతులు జోడించాడు. ఆయన కళ్లు తెరిచేదాకా కోడలు తాళం తిప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ప్రతిసారీ అలాగే ఆగుతుంది.

ఇంజను హోరు పెరిగింది. పెరిగి పెరిగి ఒక్కసారిగా గొంతు నొక్కినట్టు ఆగింది. కారు బెల్టుల్ని లాక్కుంటూ గుంజుకుంది.

"ఏవండీ, పేలిందా?" వంటింట్లోంచి భార్య కేక.

"నీ నోట మంచి మాటే రాదా!" అని అరుస్తూనే బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

కోడలు తొణకలేదు. గాలి ఒత్తిడి చూపే నిన్నటి గీతనీ ఇవాళ్టి గీతనీ తెర మీద పక్కపక్కన పెట్టింది. "హద్దు దాటింది. పెట్రోలు ఆగింది కాబట్టి బతికిపోయాం. కానీ నేను ఒక్క అంకె కూడా మార్చలేదే!" అని, కంప్యూటరు పెత్తనం మళ్లీ తీసేసి ఒట్టి స్ప్రింగు మీద నడిపింది. ఒత్తిడి నిన్నటికంటే ఎక్కువ చూపించింది.

"మన స్ప్రింగు రాత్రికి రాత్రి బలిసింది మామయ్యా," అంది తెర మీంచి చూపు తిప్పకుండా.

చల్లగాలి వల్లనో, మరొకదాని వల్లనో అని తప్పించుకోవచ్చు. కానీ ఆదివారం ఆ సీట్లో కూర్చునేది కొడుకు.

"బలవలేదమ్మా. రాడ్డు నేనే బిగించాను."

చీవాట్లు తప్పవనుకున్నాడు. ఆమె కారు దిగి వచ్చి, "ఎందుకు?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"పై వేగంలో ఊపిరి తగ్గినట్టు వినిపించింది."

ఆమె నిన్నటి గీత చివరని పెద్దది చేసి చూసింది. కొస కొంచెం వాలి ఉంది. "అబ్బ! ఇక్కడ పొగే తలుపుని తోసి తెరిచేస్తోంది. నేను దీన్ని చూసీ చూడనట్టు వదిలేశాను. మీరు బిగించడం తప్పు కాదు మామయ్యా, చెప్పకపోవడమే తప్పు. ఒకే కూరలో ఇద్దరం ఉప్పు వేస్తే ఏమవుతుందో అత్తయ్యనడగండి."

"తప్పేనమ్మా."

ఆమె నిన్నటి అంకెలన్నీ చెరిపేసింది. రోజంతా పడ్డ కష్టం! ఒక్క నిట్టూర్పు కూడా లేదు. ఆయన బిగింపుని అలాగే ఉంచి, మళ్లీ ఒట్టి స్ప్రింగు దగ్గర మొదలుపెట్టింది. తన పనిని ఇంత తేలిగ్గా తుడిచేసుకోగలిగిన మనిషిని ఆయన ఇంతవరకూ చూడలేదు.

ఎండ నెత్తికెక్కేసరికి గీత పైకి లేచి, అనుకున్నచోట నిలబడి, చివరిదాకా వాలలేదు. జన్మంతా చెవితో విన్నదాన్ని ఆయన మొదటిసారి కంటితో చూశాడు. కాపాడమని దేవుణ్ణి అడిగింది తను. కాపాడింది కోడలి హద్దు. ఆ హద్దు తను దణ్ణం పెట్టక ముందే రాసి ఉంది. మరి స్వామి తన మాట విన్నాడా, అడక్కముందే ఆమె చేత రాయించాడా? ఆయనకి తేలలేదు.

"ఇంత చక్కగా నిలబడుతోంది కదా, ఇంక ఆ హద్దు తీసేస్తావా అమ్మాయ్?"

"మీరు దణ్ణం మానేస్తారా మామయ్యా?"

ఆయన పకపకా నవ్వి, వెళ్లి బానెట్ ముందు నిలబడి చేతులు జోడించాడు. కోడలు తాళం మీద చెయ్యి వేసి, ఆయన కళ్లు తెరిచేదాకా ఆగింది.