నూతిలో నేర్చిన ఈత

హలో, అందరూ బాగున్నారాండీ? సిగ్నల్ ఉన్నప్పుడే ఒక సంగతి చెప్పేస్తాను, కాస్త వినండి.

1986లో మా నర్సీపట్నంలో రమణబాబు అని ఒక గుమాస్తా ఉండేవాడు. ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, అద్దె గది. విశాఖపట్నంలో ఒక క్లబ్బువాళ్లు ట్రయాథ్లాన్ అని కొత్త పందెం పెడుతున్నారని పేపర్లో చదివాడు. పెద్ద చెరువులో కిలోమీటరు ఈత, ఒడ్డెక్కి నలభై కిలోమీటర్లు సైకిలు, దిగి పది కిలోమీటర్లు పరుగు. ఈత నలభై నిమిషాల్లో అవ్వకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు. చదువూ సంగీతమూ అన్నీ సగంలో వదిలేసిన మనిషి. ఇదొక్కటైనా చివరిదాకా చెయ్యాలని పట్టుకుంది అతనికి.

ఆఫీసులో చెబితే, ఈ మూడూ వచ్చినవాడికి ఇక బస్సెందుకని నవ్వారు. మళ్లీ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే కృష్ణదేవిపేట దాకా సైకిలు. సాయంత్రం కోటవురట్ల రోడ్డు మీద పరుగు. తెలిసినవాళ్లు బస్సు తప్పిపోయిందనుకుని స్కూటరాపి ఎక్కమనేవారు. కాదని చెప్పలేక, ఊరు దాటాకే పరుగు మొదలుపెట్టేవాడు.

ఈత మాత్రం అక్క లోవమ్మ వాళ్ల చెరకుతోట నూతిలో. గోడ వెంబడే గుండ్రంగా తిరగాలి. ముప్పై అయిదు చుట్లయితే కిలోమీటరని లెక్క వేసుకున్నాడు.

"గానుగెద్దులాగ ఏటిరా ఈ తిరుగుడు? బేగి పైకి రా, అన్నం సల్లారిపోతంది" అనేది లోవమ్మ.

నాలుగు నెలలు గడిచాయి. పందెం వారం ఉందనగా తాండవ రిజర్వాయరుకి వెళ్లాడు. ఒడ్డున బట్టలు పెట్టి, అవతల కనబడే తాటిచెట్టు గురి చూసుకుని దిగాడు. తల నీళ్లలో పెట్టి హాయిగా ఈదాడు. చేతికి నేల తగిలింది. లేచి చూస్తే ఎదురుగా తన బట్టలే. మళ్లీ వెళ్లాడు. మళ్లీ బట్టలే.

తెప్ప మీద వల సర్దుకుంటున్న మంగరాజు అనే జాలరి అంతా చూస్తున్నాడు.

"నీ గుడ్డలు ఎవులూ ఎత్తుకుపోరు బాబూ. గడేగడే వచ్చి సూసుకుంతన్నావేటి?"

అప్పటికి తెలిసింది రమణబాబుకి. ఇన్నాళ్లూ నూతిలో ఎడమచేతి వైపే తిరిగాడు. ఒంటికి అదే అలవాటైపోయింది. మంగరాజుకి మొత్తం చెప్పుకున్నాడు. నవ్వకుండా విన్నది అతనొక్కడే.

"పది బారలకోపాలి తలెత్తి సూడు. ఎడం పక్కకి పోతే కుడికి లాక్కో. ఆలీసమవుతాది, తప్పదు మరి" అని తెప్ప తోసుకుని వెళ్లిపోయాడు.

పందెం రోజు నలభై మంది దిగారు. రమణబాబు తలెత్తిన ప్రతిసారీ అవతలి జెండా కుడివైపుకి జరిగిపోయి ఉంది. సరిచేసుకోవడం, మళ్లీ పది బారలు. మిగతావాళ్ల చప్పుడు దూరమై ఆగిపోయింది. అంత నీటిలో తనొక్కడే. ఒడ్డెక్కేసరికి ముప్పైతొమ్మిదో నిమిషం. సైకిళ్లు పెట్టిన చోట ఒక్కటే మిగిలి ఉంది, అతనిదే.

పరుగు కూడా చివరికొచ్చేసరికి బహుమతులు ఇచ్చేసి, పందెం ముగిసే గీత దగ్గర కట్టిన తాడు విప్పేశారు. కుర్చీలు మోస్తున్న మనిషిని ఆపి, తాడు ఎక్కడ కట్టారో అడిగాడు. ఆయన చెయ్యి చూపించాడు. రమణబాబు అక్కడిదాకా పరిగెత్తి, అప్పుడు ఆగాడు.

మీకు తెలిసినవాళ్లలో ఇలా ఒంటరిగా ఏదో సాధన చేసుకుంటున్నవాళ్లుంటే, ఇది వాళ్లకి పంపండి బాబూ.