కంగారు పడకండి, ఇది మామూలే

ఈలమ్మ పాదాలు పోగొట్టింది మీరే. పక్కకు తప్పుకోకండి, ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తాను.

జిగురు డబ్బా మీద లోపలేముందో రాసిన కాగితం చింపేసి షెడ్డులోకి పంపిన యజమానీ, నువ్వు. గాలికి దుమ్మొచ్చి తడి జిగురు మీద వాలితే బూటు సోలు సరిగ్గా అంటుకోదని కిటికీలకు మేకులు కొట్టించిన సూపర్‌వైజరూ, నువ్వు. కాళ్ళ వంక చూడకుండానే రక్తం తక్కువని తేల్చేసి బలం మాత్రలు రాసిచ్చిన డాక్టరూ, నువ్వు. జనం ఫోన్లో ఏ మాటతో వెతుకుతారో కనిపెట్టి, ఆ మాటనే తిప్పి తిప్పి రాసి పైకెక్కి కూర్చునే చిట్కాల సైట్ల వాళ్ళూ, మీరందరూ. ఆ గుంపులో నేనూ ఉన్నాను. నా సంగతే ముందు చెప్తాను, అది నాకు బాగా తెలుసు కాబట్టి.

నేను బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసేవాణ్ణి. నా భార్య అదే ఫ్యాక్టరీలో, జిగురు గదిలో ఆరేళ్ళు పనిచేసింది. సోలుకు బ్రష్షుతో జిగురు పూయాలి, కాస్త ఆరనివ్వాలి, పై తోలుకు అంటించాలి. రోజుకు మూడొందల జతలు. ఐదో ఏట కాలివేళ్ళలో చీమలు పాకుతున్నట్టుందంది. ఆరో ఏట మెట్లెక్కలేకపోయింది. ఐదుగురు డాక్టర్ల చుట్టూ తిరిగాక, పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ ఒక్కతే "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది. జిగురు పల్చగా ఉండటానికి కలిపే ద్రావకం ఆవిరై ముక్కులోంచి పోయి కాళ్ళ నరాలను తినేస్తుందని ఆవిడే చెప్పింది. తిమ్మిర్లు మొదలైన కొత్తలోనే ఆ గది వదిలేస్తే చాలామటుకు తిరిగొస్తుందట. మా ఆవిడకు ఆ కొత్త ఎప్పుడో దాటిపోయింది.

ఫ్యాక్టరీకి వెళ్ళి నిలదీశాను. గేటు బయటికి గెంటారు. ఇంటి ముందు గదిలో చెప్పులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. మా ఆవిడ కుర్చీలో కూర్చుని పట్టీలు కుడుతుంది. చేతులు ఇంకా బాగానే ఉన్నాయి. నోరు అంతకన్నా బాగుంది.

మా చుట్టుపక్కల మూడు వీధుల్లో ఇలాంటి జిగురు షెడ్లు పద్దెనిమిది. ఏ గేటూ నన్ను లోపలికి రానివ్వదు. షెడ్డు ఆడవాళ్ళు నాతో మాట్లాడుతూ సూపర్‌వైజర్ కంట పడితే మర్నాటికి వాళ్ళ స్టూలు మీద ఇంకొకరుంటారు. కానీ అందరి చేతిలోనూ ఫోనుంది. అందుకని బ్లాగు మొదలుపెట్టాను. పేరు 'జిగురు గది'. నాకు రాయడం ఎవరూ నేర్పలేదు, నేర్పమని అడగనూ లేదు. మొదటి వ్యాసానికి 'మీ జిగురు మీ నరాలను చంపుతోంది' అని పెట్టాను. నాలుగు నెలలు గొంతు చించుకుంటే రోజుకు పదకొండు మంది చదివారు. అందులో ముగ్గురం మేమే.

ఆ మూడో మనిషి మా బావమరిది. వాడు పనిచేసే ఆఫీసులో సైట్లను వెతుకులాటలో పైకి లాగుతారు. పళ్ళ డాక్టర్లు, టైల్స్ కొట్లు, ఫోటోలు తీసేవాళ్ళు, ఎవరొస్తే వాళ్ళను. ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చి నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, నీ రాతలు ఎవడు వెతుకుతాడు చెప్పు? 'ద్రావకం వల్ల నరాల క్షీణత' అని ఏ తల్లైనా ఫోన్లో అడుగుతుందా?"

"మరేం అడుగుతుంది?"

"'కాళ్ళ తిమ్మిర్లు ఎలా తగ్గుతాయి' అని. నెలకు వేలమంది అడుగుతున్నారు, ఇదిగో లెక్క. నువ్వు తీసుకెళ్ళి శ్మశానంలో కొట్టు పెట్టి, బేరాల్లేవంటే ఎలా?"

"శ్మశానంలో పెట్టినా మీ బావ అరుస్తూనే ఉంటాడు లేరా. శవాలు లేచి వచ్చేదాకా వదలడు," అంది మా ఆవిడ సూది దారం కొరుకుతూ.

వాడు నవ్వి అసలు విషయానికొచ్చాడు. "పది చిట్కాలు రాయి బావా. తొమ్మిదోదిగా నీ జిగురు సంగతి పెట్టు. అక్కణ్ణుంచి నీ పాత వ్యాసానికి లింకు. చిట్కా కోసం వచ్చినవాళ్ళు నీ చేతికి చిక్కుతారు."

"మొదటే పెడితే?"

"మొదటే బెదరగొడితే వెనక్కి పోతారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతుంటే పేజీ కిందికి జారుతుంది. ముందు ఊరడించాలి. 'చాలామందికి ఇది మామూలే, కంగారు పడకండి' అని ఎత్తుకో. అందరూ అలాగే ఎత్తుకుంటారు."

"ఉప్పునీళ్ళు, నూనె మర్దనా, అన్నీ నేను చేసినవే కదరా. నాకు తగ్గాయా?" అంది మా ఆవిడ.

"అక్కా, ఇది మందు కాదు. ఎర."

"ఎర తినేసి పోతేనో?"

అప్పటికే నేను కాగితం మీద ఒకటి, రెండు అని అంకెలు వేసుకుంటున్నాను.

వాడు చెప్పింది చెప్పినట్టు చేశాను. జనం అడిగే ప్రశ్ననే పేరుగా పెట్టాను. మొదటి నాలుగు చిట్కాలూ పొట్టి వాక్యాల్లో రాశాను, ఎందుకంటే వెతికినప్పుడు పైన గడిలో చూపించేది ఆ ముక్కనేనట. బావమరిది ఎవరెవరినో పట్టుకుని నాలుగైదు సైట్ల నుంచి లింకులు ఇప్పించాడు. ఆరు వారాలకు ఫోన్ చేసి అరిచాడు.

"నంబర్ వన్ బావా! ఆసుపత్రుల నెత్తిన కూర్చున్నాం!"

రోజుకు నాలుగు వేలమంది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను. చెప్పుకు మేకు కొట్టడం సగంలో ఆపి జిగురు వేళ్ళతోనే ఫోన్ తీసి, చదివినవాళ్ళ లెక్క చూపే గీత ఎంత ఎక్కిందో చూసుకునేవాణ్ణి. తొమ్మిదో చిట్కా దగ్గర లింకు నొక్కినవాళ్ళు రోజుకు పదముగ్గురు. ఆ అంకె కూడా అదే తెర మీద, కింద మూల ఉంది. నా కళ్ళు అక్కడిదాకా దిగలేదు.

అప్పుడొచ్చింది ఈలమ్మ.

ఆవిడ వెనక వీధి షెడ్డులో జిగురు పూస్తుంది. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తుంది కాబట్టి ఆ పేరు. పగటిపూట మా కిటికీలోకి కూడా వినిపించేది. శనివారం ఒంటిపూట పని అయిపోయాక, అటూ ఇటూ చూసుకుని మా కొట్లోకి దూరింది.

"అన్నా, ఈ చెప్పుకు వెనక పట్టీ వెయ్యి. ఊరికే జారిపోతోంది. నిన్న బస్సు దిగి ఇంటిదాకా ఒంటి చెప్పుతో నడిచానంటే నమ్ము. మా ఆయన చూసి నవ్వేదాకా నాకు తెలీదు. ఈ వయసుకే మతి పోయింది నాకు."

చెప్పు తీసుకుని తిరగేశాను. మడమ దగ్గర అరగలేదు. ముందు అంచు, బొటనవేలి కింద, కాగితమంత పల్చగా అరిగిపోయింది. పాదం ఎత్తి వేసే మనిషికి మడమ అరుగుతుంది. ఈడ్చే మనిషికి వేళ్ళ వైపు అరుగుతుంది. అలా అరిగిన జత నేను అంతకుముందు ఒక్కటే చూశాను. అది మా మంచం కింద ఉంది. మా ఆవిడ కుట్టు ఆపి నా చేతిలోకి చూసింది.

"కూర్చో. కాలు ఇలా పెట్టి కళ్ళు మూసుకో," అన్నాను.

"పట్టీ కొలతకు కళ్ళెందుకు మూసుకోవాలన్నా?" అంటూనే మూసుకుంది.

తోలుకు బెజ్జం వేసే ఆరె తీసి, దాని కొసతో బొటనవేలిని తాకాను. తర్వాత చిటికెన వేలు. తర్వాత అరికాలు. నాలుగోసారి కాస్త గట్టిగానే నొక్కాను. చర్మం మీద ఎర్రగా గుంట పడింది.

"మొదలెట్టవేం అన్నా?" అంది ఈలమ్మ, కళ్ళు మూసుకునే.

మా ఆవిడ కుర్చీలోంచి ముందుకు వంగింది. "తిమ్మిర్లు ఎన్నాళ్ళ నుంచే?"

"మూడు నెలలు దాటింది వదినా. ఊరికే ఉన్నాననుకున్నావా? డాక్టరు రక్తం తక్కువని రాసిచ్చిన బలం మాత్రలు మింగుతున్నా, రోజూ ఉప్పునీళ్ళలో పెడుతున్నా, నూనె రాస్తున్నా."

"ఉప్పునీళ్ళు, నూనె ఎవరు చెప్పారు?"

"ఇదే," అని ఫోన్ తీసింది. "నాకు చదవడం కాస్త కష్టం కదా, నోటితో అడిగితే చదివి వినిపిస్తుంది. వినండి." నోటి దగ్గర పెట్టుకుని అడిగింది. "కాళ్ళ తిమ్మిర్లు ఎలా తగ్గుతాయి?"

ఫోన్ చక్కటి గొంతుతో చెప్పింది. "చాలామందికి ఇది మామూలే, కంగారు పడకండి. ఒకటి, గోరువెచ్చని ఉప్పునీళ్ళలో పాదాలు ఉంచండి. రెండు, నూనెతో మర్దనా చేయండి. మూడు, బిగుతు చెప్పులు మానేయండి. నాలుగు, కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోండి."

అక్కడితో ఆగిపోయింది.

"అంతే. ఇంకేమన్నా చెప్తుందేమోనని ఆగి చూశా, లేదు. ఎవరో గానీ మంచివాడే రాసుంటాడు వదినా. ఎంత నిమ్మళంగా చెప్పాడో చూశావా? నా పక్క స్టూలావిడ కాళ్ళు పట్టేశాయని పని మానేసినప్పుడు నాకూ భయమేసి మానేద్దామనుకున్నా. ఇది విన్నాక, మామూలేనట కదా అని ఉండిపోయా."

మా ఆవిడ నా వైపు తిరిగింది. "చెప్పు. నీ నోటితోనే చెప్పు."

చెప్పాను. ఆటపట్టిస్తున్నాననుకుని ఈలమ్మ మొదట నవ్వింది. తర్వాత మా ఆవిడ కాళ్ళ వైపు చూసింది. అప్పటిదాకా ఆవిడ కుర్చీ దిగకపోవడం మోకాళ్ళ నొప్పుల వల్లేననుకుందట, షెడ్డులో అలాగే చెప్పారట.

"ఆ తొమ్మిదోది ఏంటన్నా?"

"జిగురు గదిలో పనిచేసేవాళ్ళయితే వెంటనే ఆ గది వదిలేసి నరాల డాక్టర్ని కలవండి అని."

కాసేపు చేతిలో ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది. "దాన్నే మొదట చెప్పాల్సింది కదన్నా. నాలుగు విన్నదాన్ని ఒకటి విననా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

సోమవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ డాక్టరమ్మే చూసింది. గది వదిలాక కూడా కొన్ని వారాలు ఇంకా ముదురుతుందని ముందే చెప్పింది, అలాగే ముదిరింది. ఇప్పుడు ఈలమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. ఎంత తిరిగొస్తుందో రెండేళ్ళు ఆగి చూడాలట. ఆవిడ స్టూలు మీద మర్నాడే ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టారు. కిటికీ మేకులు అలాగే ఉన్నాయి.

ఆసుపత్రి నుంచి రాగానే ఆ పేజీ తెరిచి మొదటి వాక్యం కొట్టేశాను. 'జిగురు గదిలో పనిచేస్తున్నారా? ఉప్పునీళ్ళతో తగ్గదు. ముందు ఆ గది వదలండి' అని రాశాను. పది రోజులకు బావమరిది కొట్టుకొచ్చాడు. ఈసారి స్టూలు లాక్కోలేదు, నిలబడే ఉన్నాడు.

"మూడో పేజీకి పోయింది బావా."

"పోనీ."

"పోనీ అంటే ఎలా? నీ చోటులోకి ఎవడొచ్చాడో చూశావా?" ఫోన్ ముందుకు చాపాడు. పేరు తెలియని ఏదో సైటు. నా పాత రాత, అక్షరం పొల్లు పోకుండా. 'చాలామందికి ఇది మామూలే, కంగారు పడకండి.' చిట్కాలు పది కాదు, తొమ్మిదే ఉన్నాయి. నా తొమ్మిదోది బాగోలేదనుకున్నాడేమో, తీసేశాడు.

"ఒకడు కాదు బావా. ఇరవై మంది దాకా ఉన్నారు. అందరికీ రాశాను. ఒక్కడూ పలకలేదు." వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "నేనే కదా చెప్పాను, ఊరడించమని."

"నువ్వు చెప్పావు, ఆయన రాశాడు, నేను అడిగి ఊరుకున్నాను," అంది మా ఆవిడ. "ఏడుపు తర్వాత. వెనక వీధిలో ఆ కొత్తపిల్ల చేతిలో కూడా ఫోనుంది."

అదీ జరిగింది. ఈలమ్మ రోజూ పొద్దున్నే ఫోన్‌ను అదే ప్రశ్న అడుగుతుంది, మారిందేమోనని. అదే గొంతు అదే మాట చెప్తుంది. "ఇంకా అదే కూస్తోందన్నా," అని గోడ పట్టుకుని వచ్చి నాకు చెప్పి పోతుంది. ఈల మాత్రం ఇప్పుడు మా కిటికీలోకి రావడం లేదు.

కాబట్టి వినండి. నాకు మీ జాలి అక్కర్లేదు. యజమానీ, డబ్బా మీద ఏముందో రాయించు, కిటికీల మేకులు పీకించు, ఈ వారంలోనే. డాక్టరూ, మాత్ర రాసే ముందు ఏం పని చేస్తావని అడుగు. నా రాత ఎత్తుకెళ్ళినవాళ్ళూ, ఆ వాక్యం నాది, నేను వెనక్కి తీసుకున్నాను, మీరు కూడా తీసేయండి. వెతికి చూపించే యంత్రాలు నడిపేవాళ్ళూ, నాలుగు ముక్కలు కోసి వినిపించి ఊరుకోకండి. పేజీ అంతా వినిపించండి, లేకపోతే నోరు మూసుకోండి.

ఇక ఇది చదువుతున్న మీరు. మీ ఇంట్లో, మీ పక్కింట్లో, మీ వీధి షెడ్డులో జిగురు పని చేసే మనిషి ఉన్నారు. ఫోన్‌ను అడగకండి. వెళ్ళి వాళ్ళ చెప్పు తిరగేయండి. ముందు అంచు అరిగి ఉంటే చెయ్యి పట్టుకుని ఆ గదిలోంచి బయటికి తీసుకురండి. ఇప్పుడే లేవండి.