పంపినవారి పేరు

రామచంద్రమూర్తిగారికి జీవితంలో ఒక్కటే కోరిక మిగిలింది. పేపర్లో పాఠకుల ఉత్తరం కింద తన పేరు చూసుకోవాలి. తెలుగు లెక్చరరుగా రిటైరై నల్లపాడులో ఇల్లు కట్టుకున్న నాటి నుంచి ఆయన పట్టించుకోని సమస్య లేదు. రైలు గేటు గురించి రాశారు, వీధికుక్కల గురించి రాశారు, దుకాణాల బోర్డుల మీద వత్తులు ఎగిరిపోతున్న ఘోరం గురించి రాశారు. ఒక్కటీ పడలేదు. పేపరువాళ్లకి మంచి తెలుగు అరగడం లేదని ఆయన అభిప్రాయం. ఉత్తరాలు మరీ పొడుగని ఆయన భార్య కోటేశ్వరమ్మ అభిప్రాయం. ఆవిడ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

ఉత్తరం రాయడంలో ఆయనకో పట్టింపు ఉంది. చివర ఊరు పేరు రాస్తారు గాని తన పేరు రాయరు.

"పంపినవారి పేరు పైన దానంతటదే వస్తోంది కదా. మళ్లీ కిందా రాస్తే పునరుక్తి దోషం" అని ఇంట్లో అందరికీ పాఠం చెప్పారు. కోటేశ్వరమ్మా విన్నది. వినకుండా తప్పించుకునే వీలున్న ఇల్లు కాదది.

ఆ ఇంట్లో కంప్యూటరు ఒక్కటే, హాల్లో ఉంటుంది. మెయిలు కోసం ఆయన వాడేది నీలం కవరు బొమ్మ ఉన్న ప్రోగ్రాము. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన కోటేశ్వరమ్మ, తోటి టీచర్లతో కబుర్లాడుకోవడానికి తన మెయిలు తనకు వేరుగా ఉండాలని పోయిన నెల పట్టుబట్టింది. మేడ మీద కాపురముండే కోడలు అమూల్య ఎర్ర కవరు బొమ్మది ఒకటి పెట్టించి ఇచ్చింది. ఇకనుంచి ఎప్పుడూ నన్నే తెరవనా అని ఆ ప్రోగ్రాము అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనడమెందుకని కోటేశ్వరమ్మ సరేనని నొక్కేసింది.

ఆ వారమే రామచంద్రమూర్తిగారికి మిర్చి లారీల మీద కోపమొచ్చింది. మార్కెట్ యార్డుకి పోయే లారీలు మిర్చి బస్తాల మీద టార్పాలిన్ కప్పకుండా దూసుకుపోతుంటే వీధి వీధంతా తుమ్ముతోంది. తుమ్ముల మధ్య ఆయన నాలుగే వాక్యాలు రాయగలిగారు. పేపరు వెబ్‌సైట్లో ఉత్తరాల అడ్రసు మీద నొక్కారు. తెల్లటి పేజీ తెరుచుకుంది. అందులో ఉత్తరం పెట్టి పంపేశారు. పైన ఎవరి పేరుందో చూడలేదు. సొంత ఇంట్లోకి వెళ్తూ గేటు మీద పేరు చదువుకునేదెవరు?

రెండు రోజులకి ఉత్తరం పడింది. నాలుగు వాక్యాలూ ఆయనవే, ఒక్క అక్షరం మారలేదు. ఆనందంతో చదువుకుంటూ చివరికొచ్చారు. 'పి. కోటేశ్వరమ్మ, నల్లపాడు' అని ఉంది.

"ఏమోయ్, నా ఉత్తరం నీ పేరుతో పడిందేమిటి?"

"నాకేం తెలుసండీ. నేను లారీల జోలికే పోలేదు."

ఇంతలో పక్కవీధి శశిభూషణ్‌గారు ఫోను చేశారు. బ్యాంకులో రిటైరైన మనిషి, ఆయనకి సాయంత్రం నడకలో తోడు.

"మూర్తిగారూ, చెల్లెమ్మగారు ఎంత క్లుప్తంగా రాశారండీ. ఆవిడ దగ్గర మీరు నేర్చుకోవాలి."

రామచంద్రమూర్తిగారు ఇడ్లీ ప్లేటు పక్కకి తోసేశారు. కోడల్ని పిలిచారు.

"అత్తయ్యగారిది డిఫాల్టు అయిపోయింది మావయ్యగారూ. అడ్రసు మీద ఎవరు నొక్కినా ఎర్ర కవరే తెరుచుకుంటోంది" అంది అమూల్య.

"ఇంటి యజమానిని నేనుండగా అదెట్లా తెరుచుకుంటుందమ్మా? ముందు దాన్ని మార్చు."

అమూల్య సెట్టింగుల్లోకి వెళ్లి, డిఫాల్టు యాప్‌లలో మెయిలు అన్నచోట నీలం కవరును చూపించింది. ఇంకోసారి ఆలోచించుకోండి అని కంప్యూటరు బతిమాలింది. ఆయన కోడలి చేతిలోంచి మౌసు లాక్కుని తానే నొక్కారు.

"అత్తయ్యగారికి చెప్పనా?"

"ఎందుకులే, కంగారుపడుతుంది."

పెత్తనం తిరిగి చేతికొచ్చాక ఆయన మళ్లీ పొడుగ్గా రాయడం మొదలెట్టారు. మళ్లీ ఒక్కటీ పడలేదు. వీధిలో ఆడవాళ్లు మాత్రం కోటేశ్వరమ్మని వదల్లేదు. ఇంకోటి రాయమని ఒకటే పోరు. నేను రాయలేదు మొర్రో అంటే వినేవాళ్లు లేరు. అనగా అనగా ఆవిడకీ నిజంగానే రాయాలనిపించింది. ఆయన నడకకు వెళ్లిన ఓ సాయంత్రం కూర్చుని రాసింది. అదే అడ్రసు మీద నొక్కింది, అదే తెల్లటి పేజీ వచ్చింది. భర్త చెప్పిన పాఠం ప్రకారం ఊరు పేరు రాసి, తన పేరు రాయకుండా పంపేసింది.

ఆదివారం పేపరు తెరిచిన రామచంద్రమూర్తిగారి కంట పడింది తన పేరే. 'పి. రామచంద్రమూర్తి, నల్లపాడు.' అచ్చులో ఎంత ముచ్చటగా ఉందో. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసుకున్నారు. ఆ తర్వాతే పైనున్నది చదివారు.

'మా ఇంట్లో ఇద్దరూ ఉద్యోగం చేశారు. రిటైరైంది మాత్రం మగమనిషి ఒక్కడే. ఆ పెద్దమనిషి హాల్లో కూర్చుని కుక్కరు కూతలు లెక్కపెట్టి, మూడయ్యాయి కట్టెయ్ అని కేకేస్తాడు. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పడం వచ్చు, పప్పు వండటం రాదు. ఇంటి ఆడమనిషి రిటైరయ్యేదెప్పుడు?'

"అయ్యో, ఇది నేను రాసిందండీ" అంది వెనకనుంచి చూసిన కోటేశ్వరమ్మ. "నా పేరేదీ?"

డిఫాల్టు మార్పించిన సంగతి ఆయన ఒప్పుకోక తప్పలేదు.

"మార్చినప్పుడు నాకో మాట చెప్పొద్దా?"

"అది సరే, నన్ను పట్టుకుని ఇట్లా రాస్తావా? నేను కూతలు లెక్కపెడతానా?"

"పెట్టరూ?"

ఆయన నిన్న కూడా లెక్కపెట్టారు. ఉక్రోషంతో కంప్యూటరు ముందు కూర్చుని, 'ఆ ఉత్తరం నేను రాసింది కాదు' అని మొదలెట్టారు. అంతలో శశిభూషణ్‌గారూ, ఆయన భార్య సుబ్బరావమ్మా పేపరు పట్టుకుని లోపలికొచ్చారు.

"మూర్తిగారూ, మీరు రాయలేదని ఒక్క మాట చెప్పండి. పొద్దుటి నుంచీ మా ఇంట్లో నాకు బతుకు లేదు" అన్నారు శశిభూషణ్‌గారు.

"మీరుండండి" అంది సుబ్బరావమ్మ. "తన తప్పు తానే పేపరుకెక్కించుకున్న మగాణ్ణి నేనింతవరకు చూళ్లేదు అన్నయ్యగారూ. నిజంగా మీరే రాశారా?"

కాదంటే నిజం బతుకుతుంది. కానీ ఇన్నేళ్లకి అచ్చైన పేరు ఉత్తదైపోతుంది. ఇక జన్మలో మళ్లీ పడుతుందన్న ఆశ ఆయనకే లేదు. కోటేశ్వరమ్మ వైపు చూశారు. ఆవిడ ఒక్క మాటంటే అయిపోయేది. అనలేదు. జాలేసి ఊరుకుందో, సరదాకి ఊరుకుందో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

"నేనే రాశాను" అన్నారు రామచంద్రమూర్తిగారు.

"అయితే ఇవాళ వంట మీదేనన్నమాట. మేమూ ఇక్కడే తింటాం" అని సుబ్బరావమ్మ సోఫాలో సర్దుకుని కూర్చుంది. కోటేశ్వరమ్మ ఆవిడ పక్కనే కూర్చుంది.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లారు. అలమారలో డబ్బాలన్నీ ఒకే రకం, ఒక్కదాని మీదా పేరు లేదు. పెళ్లైన దగ్గర్నుంచి రోజూ తింటున్న కందిపప్పు ఏ డబ్బాలో ఉంటుందో తనకు తెలియదు. ఉత్తరంలో ఆవిడ కొంచెమే రాసిందనిపించి నిజంగా సిగ్గేసింది.

"ఏమోయ్, కందిపప్పెక్కడుంది?" అని మెల్లిగా అడిగారు.

"మూతలు తీసి చూడండి" అంది కోటేశ్వరమ్మ హాల్లోంచి.